మీకు తెలుసా? కొలిచే ముల్లు ధ్వనిని తాకుతుంది కూడా!

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం నేల చూపులతో వజ్రాలు వెదుకుతారు. అదే అనంతపురం సీమలో ఉరుము వాయిద్యాన్ని రికార్డు చేసేవాళ్ల చూపు మాత్రం ధ్వని స్థాయిని కొలిచే మీటరు ముల్లు మీదే ఉంటుంది. ఆ ముల్లు ధ్వనిని ఊరికే చూపిస్తుందనుకుంటాం. కాదు, తాకుతుంది కూడా.

పాత రికార్డింగ్ కన్సోళ్లలో కనిపించే వీయూ మీటరును 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి ప్రమాణంగా తెచ్చాయి. ముల్లు కదలాలంటే లోపల రెక్టిఫైయర్ ఉండాలి. అది సిగ్నల్ నుంచి కరెంటును ఒకే తీరున లాగదు. తరంగం సున్నా దగ్గర ఉన్నప్పుడు తక్కువగా, శిఖరం దగ్గర ఎక్కువగా లాగుతుంది. దాంతో ధ్వనిలో సన్నని వికృతి చేరుతుంది. అందుకే మీటరుకు వరుసలో 3,600 ఓముల రెసిస్టరు పెట్టి, మొత్తం నిరోధాన్ని 7,500 ఓములకు పెంచారు. మీటరుకు ముందు విడిగా బఫర్ ఆంప్లిఫయర్ పెడితే ఆ బెడద దాదాపు పోతుంది. మంచి కన్సోలు అని నేను మెచ్చుకునేది అలాంటి బఫర్ ఉన్నదాన్నే.

ఇంకో సంగతి. ముల్లు తన స్థానానికి చేరడానికి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మాటకు, పాటకు అది సరిపోతుంది. ఉరుము మీద పడే దెబ్బ మాత్రం ముల్లు లేచేలోపే అయిపోతుంది! అసలు శిఖరం ముల్లు చూపినదానికంటే 10 డెసిబెల్స్ పైనే ఉండొచ్చు. ముల్లును నమ్మి ఫేడర్ పెంచితే టేపు మీద దెబ్బ నలిగిపోతుంది. డప్పుకైనా ఉరుముకైనా ముల్లును సున్నాకు బాగా కిందే ఆడనివ్వాలి.