ఎవరూ ఎత్తుకోని కప్పు

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉంది మా కల్లూరు. ఇక్కడివారికి మంచుగడ్డ అంటే వేసవిలో సోడాబండి మీద కనిపించేదే. అటువంటి ఊళ్ళో ఒక సాయంత్రం నేను మంచుమీద ఆడే హాకీ కథ చెప్పవలసి వచ్చింది.

కారణం కబడ్డీ. మా కాలేజీ పిల్లలతో ఫైనల్ ఆడవలసిన అడవివైపు జట్టులో నలుగురికి జ్వరాలు. "వాళ్ళు రాలేదు గనుక కప్పు మాదే గదా సార్!" అని మా కెప్టెన్ వాదన. నిబంధనా అతని పక్షమే. "కూర్చో నాయనా, ఒక సంగతి చెబుతాను" అన్నాను.

1919 మార్చి. అమెరికా పడమటి తీరాన సియాటిల్ నగరం. కెనడా గవర్నర్ జనరల్‌గా ఉండగా స్టాన్లీ ప్రభువు 1892లో బహూకరించిన కప్పుకోసం ఆ ఊరి మెట్రోపాలిటన్స్‌కూ, కెనడా తూర్పు భాగాన్నుంచి వచ్చిన మాంట్రియల్ కెనడియన్స్‌కూ పోటీ. ఇరువురూ డబ్బు పుచ్చుకొని ఆడేవారే. కాళ్ళకు ఉక్కుపలకల జోళ్ళు. బంతికి బదులు రబ్బరు బిళ్ళ. తూర్పువారి పద్ధతిలో జట్టుకు ఆరుగురు, పడమటివారి పద్ధతిలో ఏడుగురు. అందుచేత ఒకనాడు అలా, ఒకనాడు ఇలా ఆడారు.

మొదటి ఆట సియాటిల్ 7-0తో, రెండవది మాంట్రియల్ 4-2తో, మూడవది మళ్ళీ సియాటిల్ 7-2తో గెలిచాయి. నాల్గవదానిలో అదనపు సమయం ఆడినా ఒక్క గోలైనా లేదు. అయిదవదానిలో 3-0తో వెనుకబడిన మాంట్రియల్ పుంజుకొని 4-3తో గెలిచింది. రెండేసి గెలుపులు, ఏప్రిల్ 1న తేలిపోవాలి.

ఆనాటికి మాంట్రియల్ ఆటగాళ్ళు పలువురు మంచాన పడ్డారు. అది ఇన్‌ఫ్లుయెంజా. మన దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకున్న మహమ్మారే! కప్పు మీరే తీసుకొమ్మన్నాడు మాంట్రియల్ మేనేజరు జార్జి కెన్నెడీ. సియాటిల్ మేనేజరు పీట్ మల్డూన్ ససేమిరా అన్నాడు. జబ్బువల్ల ఆగిన ఆటలో గెలుపు తమకు వద్దన్నాడు. ఏప్రిల్ 5న మాంట్రియల్ ఆటగాడు జో హాల్ సియాటిల్‌లోనే కన్నుమూశాడు.

ఆ ఏడు కప్పు ఎవరికీ ఇవ్వలేదు. సియాటిల్ జట్టు 1924లో మూతపడింది; ఆలోగా మరో కప్పు దానికి దక్కనే లేదు. తరువాతి కాలంలో కప్పుమీద రెండు జట్ల పేర్లూ చెక్కి, "సిరీస్ పూర్తికాలేదు" అని వ్రాశారు.

మా కెప్టెన్ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "వాళ్ళ ఊరికి బస్సు ఎన్నింటికి సార్?" అన్నాడు.

పదిహేను రోజుల తరువాత ఆట జరిగింది. రెండు పాయింట్ల తేడాతో మావాళ్ళు ఓడిపోయారు. సాయంత్రం బస్సులోకి కప్పును అందించినవాడు మా కెప్టెనే.