గుత్తా, కొలువా?

1973లో ఒక దర్జీ దుకాణం తగాదా సుప్రీంకోర్టులో తేలింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు అది. దుకాణం పేరు సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్. అక్కడ కుట్టేవాళ్ళకు నెలజీతం లేదు, కుట్టినదాన్ని బట్టి కూలి. రోజంతా ఉండి తీరాలన్న నియమం లేదు. పని అయిపోతే వెళ్ళిపోవచ్చు, మరో దుకాణానికి కూడా కుట్టి పెట్టవచ్చు. కొందరు కత్తిరించిన గుడ్డను ఇంటికి పట్టుకెళ్ళి కుట్టి తెచ్చేవారు. ఇలాంటివాళ్ళు మా ఉద్యోగులు ఎలా అవుతారన్నది యజమానుల వాదన. కోర్టు ఒప్పుకోలేదు. దుకాణంలో మిషన్లు యజమానివి. ఎలా కుట్టాలో చెప్పేది ఆయన. కుట్టు నచ్చకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కూ ఆయనదే. కాబట్టి వాళ్ళు ఆ దుకాణం ఉద్యోగులేనని తీర్పు వచ్చింది. నేడు ఫోన్ చూసుకుంటూ బండి మీద అన్నం పొట్లాలు చేరవేసే కుర్రాడు ఉద్యోగా కాదా అని సాగుతున్న చర్చకు ఆ దర్జీ కొట్టులో సగం జవాబు దొరుకుతుంది.

పని చేయడానికీ ఉద్యోగం చేయడానికీ ఉన్న తేడా మన భాషకు బాగా తెలుసు. నెలకో ఏడాదికో కుదిరితే జీతం, ఏ రోజుకు ఆ రోజైతే కూలి, మొత్తం పనికి ఇంతని మాట్లాడుకుంటే గుత్త. గుత్తకు ఒప్పుకున్నవాడికి తిప్పలు ఎక్కువే, అయినా ఒక దర్జా ఉంది. రేటు దగ్గర బేరమాడతాడు, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా చేయాలో తానే చూసుకుంటాడు, మిగిలితే లాభం తనది, పోతే నష్టం తనది. జీతగాడికి ఆ స్వేచ్ఛ లేదు, దానికి బదులు నష్టం యజమాని నెత్తిన ఉంటుంది. రెండూ న్యాయమైన ఒప్పందాలే. నష్టాన్ని గుత్తదారు లెక్కన మోయిస్తూ, అదుపును మాత్రం జీతగాడి మీద చెలాయించినట్టే చెలాయించే మూడో రకంతోనే చిక్కు. ఆధునిక ఆర్థిక వ్యవస్థలో పని స్వభావమే మారిపోయిందని తరచూ వింటున్నాం. నిజానికి మారింది పని కాదు, పనికి పెట్టే పేరు. ఆ పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

లెక్కలు చూస్తే ఈ పేరు ఎంత విలువైనదో అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 2023-24లో దేశంలో నిరుద్యోగం 3.2 శాతమే. అంటే పని కోరుకునేవాళ్ళలో దాదాపు అందరికీ పని ఉన్నట్టే. కానీ అదే సర్వేలో, పనిలో ఉన్నవాళ్ళలో క్రమంగా జీతం అందుకునేవారు 21.7 శాతం. రోజుకూలీలు 19.8 శాతం. మిగిలిన 58.4 శాతం స్వయం ఉపాధి కింద లెక్క. వీళ్ళలోనే ఒక భాగం, అంటే మొత్తంలో 19.4 శాతం మంది, ఇంటి పొలంలోనో కొట్లోనో పైసా అందకుండా సాయం చేసేవాళ్ళు. వారపు లెక్కలోనైతే ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. గణాంకాల వల ఇంత పెద్దది. ప్రావిడెంట్ ఫండ్, సెలవు, ప్రమాద పరిహారం ఇచ్చే చట్టాల వల మాత్రం చాలా చిన్నది, ఎక్కువగా ఉద్యోగి అనే మాటకే కట్టి ఉంటుంది. ఆ మాట వర్తించనివాడు సర్వేలో కనిపిస్తాడు, చట్టంలో కనిపించడు.

యాప్ పనివాళ్ళు సరిగ్గా ఈ సందులోనే ఉన్నారు. నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనా ప్రకారం 2020-21లో వీళ్ళతో సహా గిగ్ కార్మికుల సంఖ్య 77 లక్షలు. 2029-30 నాటికి అది 2.35 కోట్లకు చేరుతుంది. కంపెనీలు వీళ్ళను భాగస్వాములు అంటాయి. ఫోన్ తెర మీద ఏం జరుగుతుందో గమనిస్తే ఆ భాగస్వామ్యం లోతు తెలుస్తుంది. ఆర్డరు వస్తుంది, దూరం కనిపిస్తుంది, వచ్చే డబ్బు కనిపిస్తుంది. ఒప్పుకోవడానికి కొన్ని సెకన్లు. ఎక్కువసార్లు కాదంటే తర్వాతి ఆర్డర్లు తగ్గవచ్చు. రేటు కంపెనీ నిర్ణయిస్తుంది, ఎప్పుడైనా మారుస్తుంది. చుక్కల మార్కులు వినియోగదారుడు వేస్తాడు. అవి పడిపోతే ఐడీ ఆగిపోతుంది, అంటే పని పోతుంది. బండి, పెట్రోలు, ఫోన్, కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు మాత్రం చాలావరకు భాగస్వామివే. రేటు అడగలేనివాడు గుత్తదారు కాడు.

ఇది కొత్త సాంకేతికత తెచ్చిన కొత్త సమస్య అనిపించవచ్చు. కానీ ఈ నాటకాన్ని బీడీ పరిశ్రమ ఎప్పుడో ఆడింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చాక బాధ్యతలు తప్పించుకోవడానికి బీడీ కంపెనీలు కార్ఖానాల్లోని పనిని ఇళ్ళకు మళ్ళించాయి. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో నేటికీ ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. తునికాకు, తంబాకు, దారం కంపెనీవి. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు డబ్బు రాదు, ఇచ్చిన ఆకు చాలకపోతే చుట్టేవాళ్ళే కొనుక్కోవాలి. పని జరిగేది ఇంట్లో, వేళ ఎవరిష్టం వాళ్ళది, మధ్యలో కంపెనీ తరఫున ఒక కాంట్రాక్టరు. కాబట్టి మాకు సంబంధం లేదని కంపెనీ అనగలిగేది. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆ ముడి విప్పింది. కాంట్రాక్టరు ద్వారా సరుకు తీసుకుని ఇంట్లో చుట్టేవారు కూడా ఉద్యోగులేనని స్పష్టంగా రాసింది. కంపెనీలు సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. నాటి కాంట్రాక్టరు స్థానంలో ఇప్పుడు యాప్ ఉంది.

యాప్ పనివాళ్ళనూ ఉద్యోగులుగా చూడాలన్న వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది స్వేచ్ఛ గురించి. ఇష్టమైనప్పుడు యాప్ తెరిచి, వద్దనుకున్నప్పుడు మూసేసే వీలు చాలామందికి నిజంగానే కావాలి. చదువుకుంటూ సాయంత్రాలు పని చేసేవాళ్ళు, పంట పనులు లేని నెలల్లో నగరానికి వచ్చేవాళ్ళు పొద్దున తొమ్మిదికి హాజరు వేయించుకోలేరు. ఆ స్వేచ్ఛను కొట్టిపారేయకూడదు. కానీ అది ఉన్నంత మాత్రాన హక్కులు ఉండకూడదన్న తర్కం నిలవదు. ఆ దర్జీలకూ ఇదే స్వేచ్ఛ ఉండేది, అయినా వాళ్ళు ఉద్యోగులే అయ్యారు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో దాదాపు ఇదే దారిలో నడిచింది. ఛార్జీ నిర్ణయించేది కంపెనీ, షరతులు రాసేది కంపెనీ, ప్రయాణాలు తిరస్కరిస్తే శిక్షించేది కంపెనీ, కాబట్టి డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో సెలవు దక్కాలని తేల్చింది. అక్కడి చట్టంలో పూర్తి ఉద్యోగికీ స్వతంత్ర వ్యాపారికీ నడుమ కార్మికుడనే ఒక మెట్టు ఉంది. వేళలు తానే ఎంచుకునే మనిషి కూడా ఆ మెట్టు మీద నిలబడగలిగాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. బాధ్యతలు పెంచితే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ఉన్న పనీ పోతుంది. ఇది ఉత్త బెదిరింపు కాదు. 1968లో కేరళలో బీడీ చట్టం అమలు చేయబోతే కణ్ణూరు ప్రాంతంలో పెద్ద కంపెనీలు తలుపులు మూసి వెళ్ళిపోయాయి, వేలమంది వీధిన పడ్డారు. మరుసటి ఏడాది వాళ్ళే ప్రభుత్వ సాయంతో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. ఒక దశలో అది 40 వేలమందికి పైగా పని ఇచ్చింది. కానీ అలాంటి ముగింపు ప్రతిచోటా దొరకదు. కణ్ణూరు నేర్పే అసలు పాఠం ఏమిటంటే, ఒక రాష్ట్రం ఒంటరిగా నియమాన్ని అమలు చేస్తే సరిహద్దు దాటి పోవడం కంపెనీకి తేలిక. యాప్ కంపెనీకి ఆ వీలు తక్కువ. బీడీ ఎక్కడైనా చుట్టించవచ్చు కానీ హైదరాబాద్‌లో ఆకలేసినవాడికి అన్నం హైదరాబాద్‌లోనే అందించాలి. బ్రిటన్‌లో తీర్పు తర్వాత ఉబర్ దుకాణం కట్టేయలేదు. 70 వేలమందికి పైగా డ్రైవర్లను కార్మికులుగా గుర్తించి వ్యాపారం కొనసాగించింది. భారం కొంత వినియోగదారుడి మీద పడుతుందన్న మాట నిజమే. ఆ భారం ఇప్పుడూ ఉంది, బండి నడిపేవాడి నడుం మీద ఉంది కాబట్టి బిల్లులో కనిపించడం లేదు.

మన దేశం ఎంచుకున్నది నడిమి దారి. 2020లో ఆమోదం పొంది 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, యాప్ పనివాళ్ళను తొలిసారి చట్టంలో పేరు పెట్టి పిలిచింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలంది. రాజస్థాన్ 2023లోనే సొంత చట్టం చేసింది. తెలంగాణ 2023 చివర్లో ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించి, 2025లో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ఇవన్నీ మేలే. కానీ కేంద్ర స్మృతి నిర్వచనం చూడండి: సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పని చేసేవారు గిగ్ కార్మికులట. తేల్చాల్సిన విషయాన్నే ముందుగా తేలిపోయినట్టు రాసేసింది. నిధి నుంచి అందేది సాయం, ఉద్యోగికి అందేది హక్కు. సాయానికి దరఖాస్తు పెట్టుకోవాలి, హక్కును నిలదీసి అడగవచ్చు.

అందరినీ నెలజీతగాళ్ళను చేయమని దీని అర్థం కాదు, అది సాధ్యమూ కాదు. ఒప్పంద పత్రంలో ఏ పేరు రాసుకున్నా, రేటు ఎవరు నిర్ణయిస్తారో, పనిలో తప్పు ఎవరు పడతారో, మనిషిని ఎవరు తీసేయగలరో చూసి బాధ్యత కట్టాలి. ఆ మూడూ చేయని యాప్ నిజంగా సంతలాంటిదే, దాని మీద యజమాని బరువు వేయనక్కరలేదు. మూడూ చేసే యాప్ తనను తాను సాంకేతిక వేదిక అని పిలుచుకోవచ్చు గాక. విప్పి మళ్ళీ కుట్టమని అనగలిగినవాడే ఆ దర్జీ కొట్టులో యజమాని అయ్యాడు. ఫోన్ తెర వెనక ఆ మాట ఎవరంటున్నారో చూడటానికి కొత్త సిద్ధాంతాలేవీ అక్కర్లేదు.