బ్యాటరీ తీగ పీకితే కారు ఏం మరిచిపోతుంది?

మొన్న శనివారం పొద్దున ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి వాళ్ల గ్యారేజీలోంచి టంగుమని ఏదో కింద పడ్డ చప్పుడైంది. వెళ్లి చూద్దును కదా, మా మనవడు బానెట్ ఎత్తి తలకాయంతా లోపల దూర్చేసి ఉన్నాడు. కాళ్ల దగ్గర పానా పడి ఉంది.

"ఏం చేస్తున్నావురా?"

"రీసెట్ తాతయ్యా. ముందర కొత్త గాలి పైపు వేశా, వెనక సైలెన్సర్ మార్చా. బ్యాటరీ తీగ పీకి అరగంట ఉంచితే కంప్యూటర్ పాతవన్నీ మరిచిపోయి కొత్తవి నేర్చుకుంటుంది."

"మరిచిపోతే నేర్చుకున్నట్టేనా?" అన్నాను.

"నువ్వు కాఫీ తాగావా తాతయ్యా?" అన్నాడు. ఇక దయచేయమని దాని అర్థం. నేను కదల్లేదు. అక్కడే మడతకుర్చీ వాల్చుకుని కూచున్నాను.

ఇంజన్‌లో కంప్యూటర్ ఉండటం నేను ముసలాణ్ణయ్యాక తెలిసిన సంగతి. తెనాలిలో నా స్కూటర్‌కి కార్బొరేటరే గతి. పెట్రోలు సరిగ్గా వెళుతోందో లేదో తెలుసుకోవాలంటే ప్లగ్గు ఊడదీసి మూతి రంగు చూసేవాళ్లం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదని. మసి పట్టి ఉంటే ఎక్కువైందని. కాఫీపొడి రంగులో ఉంటే ఇక చూడక్కర్లేదు, బిగించేయడమే. ఒక మర, ఒక స్క్రూడ్రైవరు, కాస్త చెవి. మా రీసెట్ అంతే.

పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండాలంటే తూకంలో 14.7 వంతుల గాలి కావాలి. తూకం అంటే బోధపడదు గానీ, లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలంటే మావాడు కూడా తలెత్తి చూశాడు. మనం డబ్బు పోసి కొనేది లీటరు, ఊరికే పీల్చేది తొమ్మిది వేలు. అందుకే ఈ కారు కంప్యూటర్ ముందు గాలినే లెక్కపెడుతుంది. గాలి పైపులో సన్నటి వేడి తీగ ఒకటుంటుంది. గాలి దాన్ని చల్లారుస్తూ పోతుంటే, మళ్లీ వేడెక్కించడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఇంత గాలి వచ్చిందని తేలుస్తుంది.

తరవాతది ఎక్కాల పుస్తకం. ఇంత గాలికి ఇంత పెట్రోలు చిమ్మమని కంపెనీవాళ్లు అచ్చేసి ఇచ్చిన పట్టీ కంప్యూటర్ లోపల ఉంటుంది. కానీ అచ్చు వేసిన రోజున్నట్టు ఇంజన్ ఎల్లకాలం ఉండదు కదా. ఫిల్టర్ దుమ్ము పడుతుంది, ఇంజెక్టర్ కాస్త పూడుతుంది. అందుకని పొగగొట్టంలో రుచి చూసే మనిషిని ఒకణ్ణి పెట్టారు. అదే ఆక్సిజన్ సెన్సర్. మా ఆవిడ పంటికి వేసిన జిర్కోనియా తొడుగు ఉందే, ఆ పింగాణీ జాతిదే దీని నాలిక కూడా. మూడొందల డిగ్రీల వేడెక్కితే గానీ నోరు విప్పదు. పొగలో ఆక్సిజన్ మిగిలితే ఒక వోల్టులో పదోవంతు చూపిస్తుంది, మిగలకపోతే అలాంటి తొమ్మిది వంతుల దాకా ఎగబాకుతుంది. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సర్ 1976లో అమెరికాకి వచ్చిన వోల్వో కార్లలో మొదటిసారి ఎక్కింది. నా ప్లగ్గు రంగు చూసే పనిని అప్పుడే ఎవరో కాజేశారన్నమాట, నాకే తెలియలేదు.

ఉప్పు చాల్లేదని సెన్సర్ చెబితే కంప్యూటర్ అప్పటికప్పుడు ఓ చిటికెడు వేస్తుంది. రోజూ అదే మాట చెబుతుంటే, ఇక ప్రతిసారీ చెప్పించుకోవడం ఎందుకని ఎక్కం పక్కన పెన్సిల్‌తో "నాలుగు శాతం కలుపు" అని రాసుకుంటుంది. బ్యాటరీ తీగ పీకితే చెరిగేది ఆ పెన్సిల్ గీతలే. అచ్చు అలాగే ఉంటుంది. అచ్చు మార్చాలంటే ల్యాప్‌టాప్ పట్టుకుని దాన్ని తిరగరాసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల ఫీజూ వేరే ఉంది. పైగా ఇలా చెరగడం కూడా ఇది మావాడి ఇరవయ్యేళ్ల కారు కాబట్టే. కొత్త కార్లు చాలావాటికి తీగ పీకినా గీతలు పోవు, స్కానర్ పెట్టి చెరపాల్సిందే.

"రీసెట్ చేశాక పికప్ పెరిగిందంటారే అందరూ?" అన్నాడు మావాడు.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ రుచి చూసేవాడి మాట వినదురా, చాలావరకు అచ్చు పట్టీ ప్రకారమే కాస్త ధారాళంగా పోసేస్తుంది అని చెప్పాను. పెరిగింది చప్పుడైతే నేనూ ఒప్పుకుంటాను.

అరగంటయ్యాక తీగ బిగించి తాళం తిప్పాడు. బండి మొదలైంది గానీ నిలకడ లేదు, జ్వరం వచ్చినవాడిలా వణుకుతోంది. అదీ మామూలే. గేరులో లేనప్పుడు గాలి తలుపు ఎంత తెరిచి ఉంచాలో కూడా పెన్సిల్ రాతే. ఏసీ, లైట్లు కట్టేసి, ఇంజన్ వేడెక్కేదాకా కాసేపు కదపకుండా ఉంచితే కుదురుకుంటుంది. కుదురుకుంది కూడా. మావాడు నావైపు విజయగర్వంతో చూశాడు.

సోమవారం సాయంత్రానికి మళ్లీ వణుకు. ఈసారి స్టీరింగ్ కింద చిన్న స్కానర్ గుచ్చించాను. అమెరికాలో 1996 నుంచీ అమ్మే కార్లన్నిటికీ ఆ రంధ్రం ఒకే తీరుగా ఉంటుంది. ఫోన్లో అంకెలు కనబడ్డాయి. బండి నిలిపి ఉంచితే పెన్సిల్ రాత పద్నాలుగు శాతం, రెండున్నర వేల ఆర్పీఎమ్‌కి రేపితే అయిదు శాతం. ఈ తేడాయే గుట్టు విప్పింది. ఎక్కడో లెక్కలో పడని గాలి దొంగదారిన దూరుతోంది. ఇంజన్ నెమ్మదిగా పీల్చేటప్పుడు ఆ దొంగగాలి పెద్ద వాటా, గట్టిగా పీల్చేటప్పుడు చిన్న వాటా. పైపు వెంట చెయ్యి పోనిచ్చి చూస్తే వేడి తీగ దాటాక ఉన్న క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది! మరో రెండు చుట్లు బిగించాడు. అప్పుడు మళ్లీ చెరిపించాను. ఈ చెరపడానికి అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ రాసి ఉన్నది దొంగగాలి లెక్క.

తరవాత రెండు రోజులకి నాలుగు శాతం దగ్గర ఆగింది, నిలిపినా రేపినా ఒక్కటే. ఆ నాలుగూ కొత్త పైపుదే. వాడు వేసింది పాతదానికంటే రవ్వంత లావు. కాలువ వెడల్పు చేస్తే నీళ్లు అవే అయినా వడి తగ్గదూ? వేడి తీగ దగ్గర గాలి వడి తగ్గి, కంప్యూటర్ తక్కువ గాలి వచ్చిందనుకుంటోంది. నాలుగు శాతం అది దిద్దుకోగలదు. ఇరవై, పాతిక శాతానికి పోతే చాలా కార్లు చేతులెత్తేసి పసుపు దీపం వెలిగిస్తాయి. ఇక వెనక సైలెన్సర్ సంగతా, అది సెన్సర్లన్నీ దాటాక ఉండేది. కంప్యూటర్‌కి దాని ఊసే తెలియదు. ఊసు తెలిసేది వీధివాళ్లకి. ఇదే మన దగ్గరైతే ఇలాంటి మార్పులు కూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుంది. ఇలాంటి సైలెన్సర్లని పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు పేపర్లో చాలాసార్లు చూశాను.

మావాడి అసలు తిప్పలు ఇంకోటి. కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి పొగ పరీక్షకి వెళ్లాలి, వాడి గడువు ఈ నెలే. చెరిపేసినప్పుడు పెన్సిల్ గీతలతోపాటు, కారు తనకు తాను పెట్టుకున్న పరీక్షల మార్కులూ పోతాయి. పరీక్ష చేసేవాడు ముందు అవి చూస్తాడు. 2000 తరవాతి పెట్రోలు కార్లకి ట్యాంకు ఆవిరి పరీక్ష ఒక్కటీ మిగిలి ఉంటే ఒప్పుకుంటాడు, మిగతావి పూర్తి కాకపోతే ఇంటికి పంపేస్తాడు. అవి పూర్తవడానికి రాత్రంతా చల్లారిన బండిని తీసి కొంత ఊళ్లో, కొంత ఫ్రీవే మీద, ఇలా కొన్ని రోజులు తిప్పాలి. ఇంతకీ పైపు మీద రాష్ట్రం ఆమోదించిన నంబరుందా అని అడిగాను. ఉందిట, పెట్టె పారేయకుండా దాచాడు. బతికిపోయాడు.

అలా వారం రోజులు మావాడు పాలకీ పెరుగుకీ తనే బయల్దేరుతూ వచ్చాడు. శుక్రవారం గుడికి మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్లాడు. ఆవిడ ముందు సీట్లో కూచుని రేడియో మీట నొక్కి, "నా పాటల స్టేషన్ ఏదిరా? గడియారం కూడా పన్నెండు దగ్గరే ఉందేంటి?" అంది.

అవి బండి తిప్పితే వచ్చేవి కావు. గుడి ముందు బండాపి, ఒక్కొక్కటీ వెతికి మళ్లీ పెట్టాడు.