మేస్త్రి బల్లమీద ఒక నవ్వు

గుమ్మలక్ష్మీపురంలో మా ఇల్లు కట్టిన తాపీ మేస్త్రికి ఒక బల్ల ఉంది. సిమెంటు కొట్టు వసారాలో, ఒక కాలికింద ఇటుకముక్క పెడితే నిలబడే బల్ల. దానిమీద కూలీల హాజరు పుస్తకం, టేపు, రసమట్టం, ఎప్పుడూ కనబడకుండా పోయే పెన్సిలు. గృహప్రవేశం నాడు అందరిలాగే మేమూ ఆయనకు బట్టలు పెట్టాం. అయినా, ఆ బల్లమీద కలకాలం ఉండేది ఏదైనా ఇవ్వాలనిపించింది.

మన్యానికి వచ్చిన అధికారులకూ అతిథులకూ శాలువా కప్పుతాం, పక్కనున్న బొబ్బిలి నుంచి పనసకర్ర బుల్లి వీణ తెప్పించి చేతిలో పెడతాం. గోడ నిలబెట్టినవాడికి అలాంటిదెవరూ ఇవ్వరు. నాకిది కష్టంగానే ఉంటుంది.

ఏటికొప్పాక నుంచి ఒక పెన్నుల గొట్టం తెప్పించాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కపిడతలతో ఆడుకోని పిల్లలు మా తరంలో తక్కువ. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది కూడా ఆ బొమ్మలే.

ఇక దానిమీద ఏం రాయించాలి? కిరాణా కొట్లో ‘అరువు రేపు’, ఆటో వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ చదువుకుంటూ పెరిగినవాళ్లం. మాటకు వెతుక్కోనక్కర్లేదు. మేస్త్రి మాటే ఉంది. ఆర్నెల్లు రోజూ విన్నాం: “రేపు పొద్దుటికల్లా మీ పనే బాబూ!” ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టు సన్న కుంచెతో ఆ మాట, కింద ఆయన పేరు రాసిచ్చాడు. చుట్టూ సవర బొమ్మలు వేయనా అన్నాడు. వద్దన్నాను. అవి దేవతల కోసం, పెద్దల కోసం గోడమీద నిష్ఠగా వేసుకునేవి. పరాచికం పక్కన వాటిని పెట్టకూడదు. పరాచికమైనా ఆయన పనిమీద ఆడాలే గాని ఆయన కులంమీదో, తాగుడుమీదో ఆడకూడదు. కలిసి పనిచేసినవాళ్లకే ఆ చనువు.

చేతికిస్తే మేస్త్రి ముందు రాత చూడలేదు. గొట్టాన్ని వెలుతురుకెత్తి, బొటనవేలి గోరుతో చుట్టూ తడిమాడు.

“అతుకెక్కడుంది బాబూ?”

“లేదు మేస్త్రిగారూ, ఒకటే కర్ర.”

“మంచి పనోడే” అన్నాడు. ఆ తర్వాతే అక్షరాలు కూడబలుక్కుని చదివి, పడీ పడీ నవ్వాడు. చెవిమీది పెన్సిలు తీసి అందులో వేశాడు.