వరిలో కింది ఆకు ఎందుకు పండుతుంది?



మీ వరిచేను కాలువ శివారున ఉందనుకోండి. పది రోజులుగా నీళ్లు రాలేదు, మడి నెర్రెలు విచ్చింది. దుబ్బుల అడుగున ఆకులు పసుపు తిరిగాయి. "యూరియా వెయ్యాలి" అనుకుంటాం. బస్తా విప్పేముందు ఆ ఆకు సంగతి కాస్త చూద్దాం.

ఆకులోని నత్రజనిలో నూటికి 75 పాళ్ల దాకా పచ్చదనముండే హరితరేణువుల్లోనే, ముఖ్యంగా మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. నత్రజని నీటిలో కరిగి వేరును చేరాలి. తేమ లేకపోతే భూమిలో ఉన్నా మొక్కకు అందదు. అప్పుడది ఇంట్లో ఉన్న గాదె విప్పుకుంటుంది. నీడన పడి పెద్దగా పనిచెయ్యని ముసలి ఆకులోని మాంసకృత్తులను విడగొట్టి, అమైనో ఆమ్లాలుగా మార్చి, ఈనెల గుండా లేత ఆకుకూ, పొట్టకూ, గింజకూ పంపుతుంది. మనం చూసే పసుపు ఆ తరలింపుకు గుర్తు. బాగా పండిన ఏడు కూడా ఇది జరిగేదే. కోతనాటికి గింజలో చేరే నత్రజనిలో సగానికి మించి పాత ఆకులు, కాడలు ఇచ్చిందే. బెట్ట దాన్ని తొందరపెడుతుంది.

ఆ తొందరలోనే నష్టముంది. గింజ పాలుపోసుకునే వేళ దాన్ని పోషించేవి ముఖ్యంగా పోటాకు, దాని కింది రెండాకులూ. అవీ పండాయంటే తాలు పెరుగుతుంది. వేడిగాలికి ఆకు పచ్చిగానే మాడితే మరీ అన్యాయం. తరలే వ్యవధి లేక నత్రజని అందులోనే చిక్కుకుని గడ్డిపాలవుతుంది.

పైఆకులు పచ్చగా ఉండి, కిందివే కొసనుంచి పండుతుంటే కంగారు వద్దు. లేత ఆకే ముందు పాలిపోతే అది గంధకమో ఇనుమో చాలకపోవడం. అవి ముసలాకు నుంచి అంత సులువుగా కదలవు. కింది ఆకు అంచుల వెంట ఎండితే పొటాష్ సంగతి చూడండి.

నీళ్లు లేని మడిలో యూరియా చల్లడం డబ్బు గాలికి వదలడమేనని నా అభిప్రాయం. మంచుచెమ్మకు కరిగి కొంత అమ్మోనియా ఆవిరిగా నిజంగానే గాలిలో కలుస్తుంది, మిగిలింది వేరుకు చేరదు. ముందు తడి ఇవ్వండి. నాలుగు రోజులాగి ఆకురంగు పట్టిక పట్టుకుని మడిలో దిగండి. పూర్తిగా విచ్చిన పైఆకును మీ ఒంటి నీడలో పట్టికకు ఆనించి, పది దుబ్బుల్లో చూడండి. ఆరింటిలో రంగు 4వ గడి కన్నా లేతగా ఉంటే అప్పుడు వెయ్యండి. నాటిన రకాలు చాలావాటికి అదే హద్దు. పూత దాటాక మాత్రం వద్దు. సుడిదోమను పిలిచినట్టవుతుంది, చేనూ పడిపోతుంది.

వచ్చిన నీరు ఒక్క మడికే చాలేట్టయితే పొట్ట మీదున్న దానికే పెట్టండి. పిలకల దశలో ఉన్నది ఆలస్యంగానైనా కోలుకుంటుంది.