రెండో అంకె

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఒకే ఊరికి రెండు రకాల ఓట్లున్నాయి. మామూలు మనిషి నగరసభ ఎన్నికలకు వెళ్తే మెషీను మీద ఒక్క మీట నొక్కి, వేలికి సిరా చుక్కతో ఇంటికొస్తాడు. అదే ఓటుతో గెలిచిన కౌన్సిలర్లు విధాన పరిషత్తు (శాసనమండలి) ఎన్నికకు వెళ్తే వాళ్ళ చేతికి కాగితం బ్యాలెట్టు, దాంతోపాటు ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. పేర్ల పక్కనున్న గడుల్లో అందరికంటే ఇష్టమైనవారికి 1, ఆ తర్వాతివాళ్ళకు 2, 3 అని అంకెలు వెయ్యాలి. టిక్కు పెడితే చెల్లదు. అక్షరాల్లో ‘ఒకటి’ అని రాస్తే చెల్లదు. 1 లేని బ్యాలెట్టు ఎందుకూ కొరగాదు. మిగతా అంకెలు వెయ్యడం, మానడం ఓటరు ఇష్టం. అంకె తెలుగులో ఉన్నా అభ్యంతరం లేదు. ముళబాగిలు పక్కనుంచి వచ్చిన పంచాయతీ సభ్యురాలు ౧ అని రాసినా ఆ ఓటును లెక్కలోకి తీసుకోవాల్సిందే.

2021 డిసెంబరు 10న కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల పంచాయతీ సభ్యులు, కౌన్సిలర్లు ఇలాగే ఓటేశారు. కాంగ్రెసు అభ్యర్థి ఎం.ఎల్. అనిల్‌కుమార్ గెలిచారు. రాజ్యాంగం 171వ అధికరణం ఈ పద్ధతినే వాడాలని చెబుతోంది. దీన్ని దామాషా ప్రాతినిధ్యం అంటారు, అందులోనూ ఓటు ఒకరి నుంచి ఒకరికి బదిలీ అయ్యే రకం. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేదీ ఇలాగే. అంటే మనం ఎన్నుకున్నవాళ్ళకు 1, 2, 3 వేసే హక్కుంది. వాళ్ళను ఎన్నుకున్న మనకు లేదు. ఇది నాకు చాలాకాలంగా మింగుడుపడని విషయం. కేజీఎఫ్ లాంటి ఊళ్ళో ఈ తేడా ఎంత దూరం పోతుందో కాస్త నిదానంగా చూద్దాం.

ఊరు ఎలాంటిదో ముందు గుర్తు చేసుకోవాలి. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేపట్టాక ఆర్కాటు వైపు నుంచి తమిళ కూలీలు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చి చేరారు. చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊరగాం, కోరమాండల్ అంతటా కంపెనీ కట్టిన లైన్ ఇళ్ళే. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో అంగళ్ళు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, మార్వాడీలు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం. ఊరి రాజకీయం కూడా ఇంతే రకరకాలు. ఈ అసెంబ్లీ సీటు నుంచి రిపబ్లికన్ పార్టీ వాళ్ళు గెలిచారు, కమ్యూనిస్టులు గెలిచారు, కర్ణాటకలో ఉంటూ అన్నా డీఎంకే వాళ్ళూ గెలిచారు. బీజేపీ, కాంగ్రెసు కూడా గెలిచాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటినుంచి మారికుప్పం రైలెక్కి రోజూ బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు వేలమంది.

ఈ రైలు జనాన్నే చూడండి. పొద్దున్నే బోగీలో కిక్కిరిసి నిలబడేవాళ్ళకు ఉమ్మడి కష్టాలు చాలానే ఉన్నాయి. స్టేషను దారిలో దీపాలు వెలగవు. కుళాయి నీళ్ళు వచ్చే వేళకు ఇంట్లో మగవాళ్ళూ ఉండరు, ఆడవాళ్ళూ ఉండరు. అయితే వీళ్ళంతా ఒక్క వార్డులో లేరు. నగరసభ 35 వార్డుల్లోనూ కొద్దికొద్దిగా చెదిరి ఉన్నారు. ఏ ఒక్క వార్డులోనూ వీళ్ళది పెద్ద సంఖ్య కాదు కాబట్టి వీళ్ళ తరఫున ఎవరు నిలబడ్డా ఎక్కడా గెలవరు. ఒకే లైనులో గుంపుగా ఉన్నవాళ్ళకు మాత్రం అంతకంటే తక్కువ మంది ఉన్నా ఒక కౌన్సిలరు దక్కుతాడు. వార్డుకొక్కడు, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాడిదే గెలుపు అనే పద్ధతిలో జనం ఎంతమంది అన్నదానికంటే ఎక్కడ కాపురమున్నారన్నదే ముఖ్యం. టమాటా మండీలో ఇద్దరు రైతులు సమానంగా సరుకు తెస్తే, గంపలు ఒకచోట పేర్చినవాడికే డబ్బిచ్చి, నాలుగుచోట్ల దించినవాడిని వట్టి చేతులతో పంపినట్టు.

ఇక లెక్క. ఒక వార్డులో 1,200 ఓట్లు పోలయ్యాయని ఊహించుకోండి. కుండ గుర్తుకు 400, బకెట్టుకు 300, కుట్టుమిషనుకు 250, పలకకు 160, గ్యాస్ పొయ్యికి 90. కుండ గెలిచింది. మిగతా 800 మంది ఓటు ఎవరినీ సభకు పంపలేదు. పక్కపక్కనున్న ఐదు వార్డుల్లో ఇదే వరస అనుకుంటే, మూడో వంతు ఓట్లతో కుండవాళ్ళకు ఐదుకు ఐదు సీట్లు.

ఇప్పుడు ఆ ఐదు వార్డులను ఒక్కటి చేసి ఐదుగురిని ఎన్నుకుందాం. ఓటర్లు మెషీను బదులు కాగితం మీద అంకెలు వేస్తారు. మొత్తం 6,000 ఓట్లు. గెలవడానికి ఎన్ని కావాలి? సీట్లకు ఒకటి కలిపి, ఆ ఆరుతో 6,000ను భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి: 1,001. ఈ ఒకటి ఎందుకు కలుపుతారంటే, తలా 1,001 చొప్పున ఐదుగురికంటే ఎక్కువమందికి చేరడం సాధ్యం కాదు గనుక. దీన్ని కోటా అంటారు.

ప్రతి జట్టు మొదటి అభ్యర్థికి పడ్డ 1లు ఇవి: కుండకు 2,000, బకెట్టుకు 1,500, కుట్టుమిషనుకు 1,250, పలకకు 800, పొయ్యికి 450. మొదటి మూడు జట్ల నుంచి తలా ఒకరు కోటా దాటేశారు. వాళ్ళకు పనికిరాని మిగులు ఓట్లు ఉన్నాయి కదా, వాటిని గాలికి వదలరు. ఆ బ్యాలెట్ల మీద 2 ఎవరికుందో చూసి వాళ్ళకు చేరుస్తారు. ప్రతి జట్టువాళ్ళూ 2 తమ జట్టులోని రెండోవాళ్ళకే వేశారనుకుంటే, కుండ రెండో అభ్యర్థి దగ్గర 999, బకెట్టు రెండో అభ్యర్థి దగ్గర 499, కుట్టుమిషను రెండో అభ్యర్థి దగ్గర 249. అందరికంటే వెనకబడ్డవారు 249తో కుట్టుమిషను మనిషి. ఆయనను తప్పించి ఆ ఓట్లను తర్వాతి అంకె ప్రకారం పంచితే, వాటిలో రెండు చేరినా కుండ రెండో అభ్యర్థి గెలిచినట్టే. మిగతా ఓట్ల మీద తర్వాతి అంకె లేదనుకుంటే, ఆ తర్వాత 450తో పొయ్యి అభ్యర్థి తప్పుకుంటారు. ఆ 450 మందిలో 201 మంది తమ తర్వాతి అంకె పలకకు వేసి ఉంటే పలకకు 1,001. ఐదో సీటు నిండింది.

కుండకు రెండు, బకెట్టుకు ఒకటి, కుట్టుమిషనుకు ఒకటి, పలకకు ఒకటి. పొయ్యికి వేసినవాళ్ళ ఓటు కూడా వృథా పోలేదు, తమకు దగ్గరగా ఉన్నవారిని నెగ్గించింది. కుండ ఇప్పటికీ పెద్ద జట్టే. కాకపోతే ఊరంతా తనదేనని చెప్పుకోలేదు.

ఇది కాగితం లెక్కే అనుకోనక్కర్లేదు. 2021లో కర్ణాటకలో స్థానిక సంస్థల తరఫున 20 నియోజకవర్గాల్లో 25 పరిషత్తు సీట్లకు ఎన్నిక జరిగింది. వాటిలో ఐదు చోట్ల రెండేసి సీట్లు. ఆ ఐదు చోట్లా ఒకే పార్టీకి రెండు సీట్లు రాలేదు. దక్షిణ కన్నడలో బీజేపీకి ఒకటి, కాంగ్రెసుకు ఒకటి. మైసూరులో కాంగ్రెసు, జేడీఎస్. బెళగావిలో కాంగ్రెసుతోపాటు ఒక స్వతంత్రుడు గెలిచాడు. కోలారులో సీటు ఒక్కటే కాబట్టి పంచడానికేమీ లేదు. అక్కడ అంకెల వల్ల ఒరిగేదల్లా గెలిచేవారికి సగానికి మించిన బలం ఉందా అని తేల్చడమే. దామాషా అనే మాటకు అర్థం రావాలంటే కనీసం ముగ్గురు, నలుగురు కలిసి ఎన్నికయ్యే చోటు ఉండాలి.

మరి మనకెందుకు ఇవ్వలేదు? 1949 జనవరిలో రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న వచ్చింది. కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకు దామాషా పద్ధతి కావాలన్నారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అంకెలు వెయ్యాలంటే జనానికి చదువు ఉండాలి, అది మనకింకా లేదు. పైగా చట్టసభ ముక్కలుముక్కలైతే ప్రభుత్వం నిలవదు. ఈ రెండూ ఆయన చెప్పిన కారణాలు. లైన్ ఇళ్ళల్లో ఇంటింటా అంబేద్కర్ పటం ఉండే కేజీఎఫ్‌లో ఆ మాటను తేలిగ్గా తీసిపారెయ్యలేం, పారెయ్యకూడదు కూడా. ఆయన మాట్లాడే నాటికి దేశంలో చదవగలిగినవాళ్ళు నూటికి ఇరవై మంది కూడా లేరు. 2011 జనగణన నాటికి కోలారు జిల్లాలో నూటికి 74 మంది చదువుకున్నవాళ్ళు. రెండో కారణం దేశ ప్రభుత్వానికి సంబంధించింది. మురుగుకాలువలు, చెత్త బండ్లు, వీధి దీపాల పని చూసే నగరసభ ముక్కలైతే అధ్యక్ష పదవి కోసం బేరాలు జరుగుతాయి, నిజమే. అయితే ఆ బేరాలు ఇప్పుడున్న పద్ధతిలోనూ ఎవరికీ కొత్త కాదు.

రాజ్యాంగం అడ్డొస్తుందా? 243ఆర్ అధికరణం ప్రకారం నగరసభ సభ్యులు వార్డుల నుంచి నేరుగా ఎన్నిక కావాలి. కాబట్టి ఊరంతటికీ పార్టీ జాబితా పెట్టి సీట్లు పంచడం కుదరదు. అయితే వార్డుకు ఒక్కరే ఉండాలని అది అనలేదు. మహారాష్ట్రలో 2017లో పుణేలో చాలా వార్డుల నుంచి నలుగురేసి ఎన్నికయ్యారు. అక్కడ చేసిన పొరపాటు చెప్పుకోవాలి: నలుగురినీ కలిపి ఎన్నుకోనివ్వలేదు. నాలుగు సీట్లకు నాలుగు వేర్వేరు పోటీలు, నాలుగు వేర్వేరు మీటలు. దాంతో పెద్ద పార్టీ నాలుగూ ఊడ్చుకుపోయే వీలుంది. వార్డును పెద్దది చేసి అంకెలు ఇవ్వకపోతే ఉన్నదానికంటే అధ్వాన్నం.

తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్న ఊరొకటి దామాషాతోనే నడుస్తోంది, దక్షిణాఫ్రికాలోని డర్బన్. మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళ సంతతివాళ్ళు అక్కడ 1931 నుంచి ఆంధ్ర మహాసభ నడుపుకుంటున్నారు. ఎతెక్విని అని పిలిచే ఆ మహానగర సభలో 2021 నాటికి 222 సీట్లు. సగం వార్డులవి, సగం పార్టీ జాబితాలవి. ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు: వార్డులో మనిషికి ఒకటి, పార్టీకి ఒకటి. ఆ ఏడాది ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసుకు (ఏఎన్‌సీ) నూటికి 42 ఓట్లు, 222లో 96 సీట్లు వచ్చాయి. ఓటుకు సీటుకు ఎంత దగ్గరో చూడండి. దాంతోపాటే ఒక్కో సీటు గెలిచిన చిల్లర పార్టీలు చాలా వచ్చాయి, మేయరు ఎన్నికలో వాటికి బలానికి మించిన గిరాకీ ఏర్పడింది. ఆ ఇబ్బందిని దాచిపెట్టి దామాషాను పొగడటం నాకు చేతకాదు. అయితే పార్టీ జాబితా లేకుండా ఐదేసి సీట్ల వార్డులు పెడితే కోటా దాదాపు నూటికి పదిహేడు. అంతమంది మద్దతు లేని జట్టుకు సీటు దొరకడం కష్టమే.

జనం అడిగే అసలు ప్రశ్న వేరు. “కుళాయి రాకపోతే నేను ఎవరి తలుపు తట్టాలి?” ఒక్క కౌన్సిలరైతే ఆయన ఇల్లు తెలుసు, పొద్దున్నే వెళ్ళి అరుగు మీద కూర్చోవచ్చు. ఐదుగురుంటే ఒకరి మీద ఒకరు తోసేస్తారన్న భయం న్యాయమైనదే. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ ఒక్క కౌన్సిలరు నీ జట్టు కాదు, నువ్వు ఓటెయ్యలేదని అతనికి తెలుసు. అప్పుడు ఆ అరుగు మీద ఎంతసేపు కూర్చోవాలి? ఐదుగురిలో ఒక్కరైనా నీ ఓటు మీద గెలిచినవాళ్ళుంటే తట్టడానికి ఒక తలుపు ఉంటుంది. దీనికోసం రాజ్యాంగం మార్చనక్కర్లేదు. నగరసభ ఎన్నికల చట్టం 243జెడ్ఏ ప్రకారం రాష్ట్ర శాసనసభ చేతిలోనే ఉంది. 35 వార్డులను ఏడు చేస్తే వార్డుకు ఐదుగురు, సరిగ్గా సరిపోతుంది. మహిళలకు, దళితులకు, వెనకబడిన వర్గాలకు ఉన్న రిజర్వేషను ప్రతి ఐదుగురిలోనూ ఎలా కాపాడాలన్నదే చట్టం రాసేవాళ్ళు ఎక్కువ జాగ్రత్త పడాల్సిన చోటు. అంకెలు లెక్కపెట్టడం అధికారులకు కొత్త పని కాదు, పరిషత్తు ఎన్నికల్లో కౌన్సిలర్ల బ్యాలెట్లకు ఎలాగూ చేస్తున్నారు.

ఆ పరిషత్తు సీటుకు మళ్ళీ ఎన్నిక వచ్చినప్పుడు కేజీఎఫ్ కౌన్సిలర్లు ఊదారంగు పెన్ను పట్టుకుని 1 వేసి, కాసేపు ఆలోచించి 2 కూడా వేస్తారు. వాళ్ళకు ఓటేసినవాళ్ళు ఆ వేళకు మారికుప్పం రైల్లో నిలబడి ఉంటారు.