ఒక మందపాటి బిళ్ళా, రెండు పలచని బిళ్ళలా?

నా బల్ల మీద రెండు కీచైన్ లైట్లున్నాయి. రెండూ పది రూపాయల బిళ్ళంత వెడల్పే. రెండూ వేలితో నొక్కితే వెలిగేవే. ముందుకు పొడుచుకొచ్చిన ఎల్‌ఈడీ కూడా ఒకే తీరుది. చీకటి గదిలో గోడ మీదికి వేస్తేనే తేడా తెలుస్తుంది. ఒకటి మెత్తగా, కాస్త నీరసంగా వెలుగుతుంది. రెండోది తెలుపులో నీలిమందు కలిపినట్టు చురుక్కుమంటుంది. విప్పి చూస్తే మొదటిదానిలో ఒక మందపాటి బిళ్ళ బ్యాటరీ ఉంది, రెండోదానిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు పలచని బిళ్ళలున్నాయి.

మందపాటిది సీఆర్2032, పలచనివి సీఆర్2016. ఈ అంకెలకు అర్థం ఉంది. మొదటి రెండంకెలు మిల్లీమీటర్లలో అడ్డుకొలత. చివరి రెండంకెలు మందం, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన. అంటే ఒకటి 3.2 మిల్లీమీటర్ల మందం, మరొకటి 1.6. రెండు పలచనివి పేరిస్తే సరిగ్గా ఒక మందపాటిదవుతుంది. అందుకే ఒకే డొల్లలో ఏదైనా పడుతుంది. 1990లలో అమెరికాలో వచ్చిన ఫోటాన్ మైక్రోలైట్ ఈ బిళ్ళ లైట్లకు పేరు తెచ్చింది. ఇప్పుడు తీర్థాల్లో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికే పేరులేని లైట్లన్నీ దాని తోవలో నడిచినవే.

ఒక బిళ్ళ చాలేచోట రెండెందుకు? జవాబు ఎల్‌ఈడీ రంగులో ఉంది. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్ ఎత్తైన మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ శక్తి కాంతిగా బయటికొస్తుంది. మెట్టు ఎత్తు తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే నీలం. ఎరుపు పుట్టడానికి దాదాపు 2 వోల్టులు చాలు. నీలానికి 3 వోల్టులు లేదా అంతకంటే కొంచెం ఎక్కువ కావాలి. మరి తెలుపు? తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలి ఎల్‌ఈడీయే. దాని మీద పూసిన పసుపుపచ్చ పొడి నీలి కాంతిలో కొంత భాగాన్ని మింగి పసుపుగా వదులుతుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాడు. 1996లో అదే కంపెనీ తెల్లదాన్ని బజారుకు తెచ్చింది. నీలి ఎల్‌ఈడీకి గాను ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిపి నకమురాకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మన తాళాల గుత్తికి తెల్లటి వెలుగు వేలాడుతోందంటే ఆ ముగ్గురి చలవే.

బిళ్ళ బ్యాటరీ ఇచ్చేది 3 వోల్టులు. ఎరుపుకు అది పుష్కలం. తెలుపుకు మాత్రం అంచున నిలబడ్డట్టే. లైటు వెలగ్గానే బ్యాటరీ వోల్టేజి ఇంకొంచెం దిగుతుంది, వెలుగు నీరసిస్తుంది. రెండు బిళ్ళలు వరసగా పెడితే 6 వోల్టులు. ఇప్పుడు కష్టం ఎదురుదిక్కు నుంచి వస్తుంది. ఈ లైట్లలో చాలావాటికి కరెంటును అదుపుచేసే రెసిస్టర్ ఉండదు. బ్యాటరీలో ఉన్న లోపలి నిరోధమే కరెంటుకు కళ్లెం వేస్తుంది. ఆ బ్యాటరీ నీరసమే ఎల్‌ఈడీకి రక్షణ. అయినా మొదటి నిమిషాల్లో ఎల్‌ఈడీకి తగినదానికంటే ఎక్కువ కరెంటే పారుతుంది. ఇందాక చెప్పిన ఆ నీలపు చురుకు దాని గుర్తు.

పైగా శక్తి లెక్క చూడండి. సీఆర్2032లో దాదాపు 225 మిల్లీఆంపియర్-గంటలు ఉంటాయి, సీఆర్2016లో 90. వరసగా పెట్టిన బ్యాటరీల వోల్టులు కూడతాయి కానీ ఆంపియర్-గంటలు కూడవు. మందపాటిది ఒక్కటే 3 వోల్టుల వద్ద 675 మిల్లీవాట్-గంటలు. పలచని జంట 6 వోల్టుల వద్ద 540. అదే జాగాలో రెండు డబ్బాలు పెడితే ఇనుప రేకు పెరిగి సరుకు తగ్గినట్టన్నమాట. ఆ తగ్గినదానిలోనూ పెద్ద వాటా బ్యాటరీల లోపల వేడిగా పోతుంది. కొన్న రోజు కళ్లు మిరుమిట్లు గొలిపిన లైటు కొద్ది రోజులకే మసకబారిందంటే కారణం ఇదే.

సన్న సెల్‌తో, అంటే టీవీ రిమోట్‌లో వేసే ఏఏఏ సెల్‌తో నడిచే లైట్లది వేరే తోవ. ఆ సెల్‌లో ఉండేది 1.5 వోల్టులే. దాన్ని ఎంతసేపు తగిలించినా తెల్ల ఎల్‌ఈడీ కన్ను తెరవదు. అందుకే లోపల చిన్న రాగితీగ చుట్ట, ఒక స్విచ్ పెడతారు. ఆ స్విచ్ సెకనుకు వేలు, లక్షల సార్లు కరెంటును వదిలి ఆపుతుంది. పోతున్న బస్సుకు సడన్‌ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలతారు కదా! చుట్టలో పారుతున్న కరెంటు కూడా అంతే. ఆపగానే ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుతో వోల్టేజి ఎగసి 3 దాటుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. రిమోట్ వద్దన్న పాత సెల్‌ను దీనిలో వేస్తే, అడుగున మిగిలిన శక్తిని కూడా పిండుకుని వెలుగుతుంది.

ఒకే లైటు రెండు కాలాల్లో ఎలా మారిందో చూడాలంటే మాగ్‌లైట్ సాలిటేర్‌ను చూడాలి. 1988లో వచ్చినప్పుడు దానిలో బుల్లి ఫిలమెంట్ బల్బు ఉండేది. వెలుగు 2 ల్యూమెన్లు (లైటు వెదజల్లే మొత్తం వెలుగుకు కొలత ఇది). తర్వాత వచ్చిన ఎల్‌ఈడీ సాలిటేర్ అదే ఒక్క ఏఏఏ సెల్‌తో 37 ల్యూమెన్లిచ్చింది. ఫిలమెంట్‌లో శక్తి అంతా దాదాపు వేడిగానే పోయేది. అయితే 18 రెట్లు పెరిగిన వెలుగు కంటికి 18 రెట్లుగా కనిపించదు. కన్ను సుమారుగా ఘనమూలం లెక్కలో చూస్తుంది కాబట్టి, రెండున్నర రెట్లన్నట్టే అనిపిస్తుంది. దూరం సంగతీ అంతే. వెలుగు పరుచుకునే తీరు మారకపోతే రెట్టింపు దూరం చేరడానికి నాలుగింతల వెలుగు కావాలి.

కాబట్టి పెట్టె మీద ల్యూమెన్ల అంకె చూసి మురిసిపోకండి. ఒక్క ల్యూమెన్‌ను అరచేయంత చోట, పది సెంటీమీటర్ల చదరంలో పడేస్తే అక్కడ 100 లక్స్ వెలుగుంటుంది (ఒకచోట పడే వెలుగుకు కొలత లక్స్). నిండు పున్నమి వెన్నెల 0.25 లక్స్ అనుకుంటే అది 400 పున్నములు. తాళం కప్ప వెతకడానికి, మందుచీటీ చదవడానికి అది చాలదా? ఫీనిక్స్ ఈ01 అనే ఏఏఏ లైటుకు కంపెనీ చెప్పిన వెలుగు 10 ల్యూమెన్లే, కాని ఆ ఒక్క సెల్‌తో 21 గంటలు. తల తిప్పితే వెలుగుతుంది, ఒకే స్థాయి. నన్నడిగితే కీచైన్ లైటుకు ఇంతకంటే మంచి పద్దు లేదు.

‘రన్‌టైమ్’ అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం అది వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కించిన కాలం. రెండు గంటలని రాసి ఉంటే, రెండు గంటలూ అదే వెలుగు ఉంటుందని కాదు.

యూఎస్‌బీతో చార్జ్ చేసే బుల్లి లైట్లు ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. లిథియం అయాన్ సెల్ 3.7 వోల్టులిస్తుంది కనుక తెల్ల ఎల్‌ఈడీకి సహజంగా ఈడూ జోడూ. రోజూ వాడేవాళ్లకు అదే నయం. చార్జింగ్ సంగతి మరిచి ఏడాదిపాటు సంచిలో పడేసేవాళ్లకు మాత్రం బిళ్ళ లిథియం బ్యాటరీయే నమ్మకం. అది చాలా ఏళ్లు చెక్కు చెదరదు. ఏఏఏ ఆల్కలైన్ సెల్ అలా వదిలేస్తే కారి, లోపలంతా తినేస్తుంది.

పొలం గట్ల మీద రాత్రి నడిచేవారికి మాత్రం ఈ బుల్లి లైట్లు చాలవు. పాముకాటు మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మన తెలుగు నేలా ఒకటి. అడుగు ముందు రెండు మూడు గజాల నేల స్పష్టంగా కనబడే పెద్ద బ్యాటరీ లైటు అక్కడ తప్పనిసరి.

చివరగా మళ్లీ ఆ బిళ్ళల దగ్గరికి వస్తాను. నా రెండు లైట్లలో ఒకదాని డొల్లకు నాలుగు మరలున్నాయి. రెండోది గోటితో తెరుచుకుంటుంది. కొనేటప్పుడు చూడాల్సిన అసలు తేడా ఇదే. డొల్ల తెరుచుకుని బయటపడ్డ 20 మిల్లీమీటర్ల బిళ్ళను మింగితే అది పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోతుంది. అక్కడి తడితో కరెంటు పారి, రుణధ్రువం వైపు ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కణజాలాన్ని కాల్చేస్తుంది. వాడేసిన బిళ్ళకు కూడా ఆ శక్తి మిగిలే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మరలు లేని లైటు ఉంచకండి. తీసేసిన బిళ్ళకు రెండు వైపులా టేపు అంటించి అందనిచోట పెట్టండి. బిడ్డ మింగిందన్న అనుమానం కలిగితే వాంతి చేయించకుండా, లక్షణాల కోసం ఆగకుండా, ఎక్స్-రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.